గ్లిజరిన్ మీద కప్పిన వాయిలు ముక్క

చలికాలం వచ్చిందని నాకు ముందుగా చెప్పేవి పెదవులే. ఈ రోజు పొద్దున లేచేసరికి కింది పెదవి పగిలి చురుక్కుమంది. మోకిలలో మా అపార్ట్‌మెంట్ కింద ఉన్న మందుల షాపుకు వెళ్ళి చిన్న గ్లిజరిన్ సీసా తెచ్చుకుని, వేలి కొసతో కాస్త రాసుకున్నాను. నాలుకకు తీపి తగిలింది. పంచదార తీపి కాదు, బెల్లం తీపీ కాదు. చిక్కగా, కొంచెం వెచ్చగా, గొంతులోకి జారకుండా పెదవి మీదే కూర్చునే తీపి. ఆ తీపితో పాటే మూత గుర్తొచ్చింది. సీసా చేతిలోనే ఉంది, మూత బల్ల మీద ఉంది. గబగబా తీసి బిగించాను. "మూత ఎవలు పెడ్తరు అనసూయా, మీ బాపు వచ్చి పెడ్తడా?" అని వెనక నుంచి అడిగే మనిషి ఇప్పుడు లేరు. అయినా ఆ గొంతుకు నేను ఇంకా జడుస్తూనే ఉన్నాను.

ఆయన యాదగిరి సార్. రసాయన భౌతిక శాస్త్రవేత్త. ఈ మాట చెబితే చాలామంది "రసాయనమో భౌతికమో ఏదో ఒకటి చెప్పమ్మా" అంటారు. అణువులు ఎలా కదులుతాయో, ఎంత త్వరగా తిరుగుతాయో కొలిచే శాస్త్రం అది. చిక్కటి ద్రవంలో చిటికెడు రంగు కలిపి, దాని మీద కాంతి పంపి, ఆ రంగు అణువు పక్కకు తిరగడానికి ఎంత సమయం తీసుకుంటుందో కొలవడం సార్ జీవితమంతా చేసిన పని. ఆయన రాసిన పరిశోధన పత్రాలు మరీ ఎక్కువేమీ కావు. వాటిలో ఒక్కటి మాత్రం లోకమంతా తిరిగింది. గ్లిజరిన్‌లో ఒక రంగు అణువు తిరిగే సమయం గురించి వయసులో ఉన్నప్పుడు రాసిన పత్రం అది. ఆ సంఖ్య అవసరమైన వాళ్ళంతా సార్ పత్రాన్నే ఉదహరించేవాళ్ళు. ఎవరూ మళ్ళీ కొలిచేవాళ్ళు కారు. కొలిచిన సంఖ్య చేతిలో ఉండగా మళ్ళీ కొలిచే ఓపిక ఎవరికి ఉంటుంది?

నేను ఎమ్మెస్సీ పూర్తి చేసిన రోజుల్లో చేవెళ్ళ బస్టాండులో ఏ గోడ చూసినా కంప్యూటర్ కోర్సుల పోస్టర్లే. మా ఊరు ముడిమ్యాల. ఇంట్లో బాపు క్యారెట్ పండించేవాడు. అన్న చేవెళ్ళలో ఎరువుల దుకాణంలో కూర్చునేవాడు. నేను కెమిస్ట్రీ చదివినందుకు అన్నకు పీకలదాకా కోపం. "కెమిస్ట్రీ చదివి ఏం జేస్తవే? ఊర్ల సబ్బులు జేస్తవా? జావా నేర్చుకో. మా దోస్తు చెల్లె జర్రంత నేర్చుకోని సాఫ్ట్‌వేర్ల వడ్డది" అని పొద్దూ మాపూ పోరు పెట్టేవాడు. అప్పటికే చేవెళ్ళ నుంచి మొయినాబాద్ దాకా రోడ్డుకు రెండు వైపులా ఇంజనీరింగ్ కాలేజీలు లేచాయి. వాటిలో ఒకదానికి మొదటి ఏడాది పిల్లల కోసం కెమిస్ట్రీ చెప్పేవాళ్ళు కావాలని తెలిసి దరఖాస్తు పెట్టుకున్నాను. ఒక్క బస్సులో వెళ్ళి ఒక్క బస్సులో రావచ్చని బాపు ఒప్పుకున్నాడు. అన్న మాత్రం ఒక ఏడాదే గడువు ఇచ్చాడు. ఆ తర్వాత జావాయే.

యూనివర్సిటీలో పదవీ విరమణ చేసి, సొంత ఊరు మొయినాబాద్ వచ్చి, ఊరి శివారులోని తన జామతోటలో ఉంటూ, ఆ కాలేజీలో కెమిస్ట్రీ విభాగం చూస్తున్నారు యాదగిరి సార్. ఇంటర్వ్యూలో ఆయన నన్ను పాఠం మీద ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. నిండు గ్లిజరిన్ సీసా ఒకటి, ఖాళీ సీసా ఒకటి ముందు పెట్టి, సగం అందులో పొయ్యమన్నారు. మనం తొందరపడితే గ్లిజరిన్ జారదు. తేనె లాగా దాని తీరికన అది దిగుతుంది. నాకు ముందు వచ్చిన వాళ్ళు గడగడా పాఠాలు అప్పజెప్పడానికి సిద్ధపడి వచ్చి, ఈ పనికి చిరాకు పడి వెళ్ళారట. నేను పోయడం అయ్యాక ముందు పెద్ద సీసాకు, తర్వాత చిన్న సీసాకు మూత పెట్టాను. అది నా తెలివేం కాదు. వానకాలంలో ఉప్పు డబ్బా మూత తీసి మరిచిపోతే మా అమ్మ ఇల్లు పీకి పందిరేసేది.

"మూత ఎందుకు పెట్టినవ్?" అన్నారు సార్.

"చెమ్మ పడ్తది గద సార్."

ఆయన నా వైపు కాసేపు చూశారు. సంతోషించారో భయపడ్డారో ఆ రోజు నాకు అర్థం కాలేదు. "రేపటి సంది రా" అని మాత్రం అన్నారు. ఆ మర్నాటి నుంచే ఉద్యోగంతో పాటు ఆయన దగ్గర పరిశోధన కూడా మొదలుపెట్టాను. యూనివర్సిటీ వాళ్ళు పాతదని పక్కన పడేసిన తన పరికరాన్ని సార్ బతిమాలి తెచ్చుకుని, మా ల్యాబు మూలగదిలో ఒక్కో ముక్కా తానే బిగించుకున్నారు. నల్ల గుడ్డలు కట్టిన ఆ గదిని చూసి పిల్లలు ఫొటో స్టూడియో అనేవాళ్ళు.

నెలకోసారి సార్ నగరంలోని ఒక పెద్ద గ్రంథాలయానికి వెళ్ళేవారు. ఒకసారి నన్నూ వెంట తీసుకెళ్ళారు. ఎవరి పత్రాన్ని ఎవరెవరు ఉదహరించారో చెప్పే సంపుటాలు అక్కడ వరసగా ఉండేవి. టెలిఫోన్ డైరెక్టరీ అంత లావు, చీమ తలకాయలంత అక్షరాలు. సార్ కళ్ళజోడు తీసి, భూతద్దం పెట్టి, తన పేరు కింద వేలు జరుపుతూ పోయారు. ఒకచోట వేలు ఆగింది. ముఖం వాడిపోయింది.

"ఇగో, ఇంకొకడు" అన్నారు.

"మంచిదే గద సార్. మీ పేరు ఇంక పెరిగినట్టే గద."

"పేరు గాదు అనసూయా, ఫికర్ పెరిగింది. మన గోడ మీద ఇంకొకడు గోడ లేపిండు. మన పునాది ఎట్లున్నదో ఆనికి తెల్వదు."

పెద్దవాళ్ళ వినయం అనుకున్నాను. పిచ్చిదాన్ని. తిరుగు ప్రయాణంలో బస్సులో కూర్చున్నంతసేపూ ఆయన చొక్కా జేబు తడుముకుంటూనే ఉన్నారు. అందులో ఉన్నది ఆ కొత్త పత్రం జిరాక్సు. తీసి చదవరు, వదిలిపెట్టరు. చిన్నపిల్లకు జ్వరం ఉందేమోనని తల్లి నుదురు తడిమి చూసుకున్నట్టు ఆ జేబును చూసుకుంటున్నారు. నాకు నవ్వు కూడా వచ్చింది. లోకమంతా తన పేరు రాస్తుంటే ఈ మనిషి ఎందుకు ఇలా కుమిలిపోతున్నాడని అనుకున్నాను.

ఆ ఉదహరింపుల సంగతి మా చైర్మన్ చెవిన పడింది. ఆయన ఊరూరా స్కూళ్ళు కట్టించిన కాంట్రాక్టరు. చదువంటే మర్యాద ఉన్న మనిషే, కాకపోతే ఆ మర్యాద నలుగురికీ కనిపించాలి. వారం తిరక్కుండా మొయినాబాద్ చౌరస్తాలో సార్ నిలువెత్తు ఫ్లెక్సీ లేచింది. ప్రపంచ శాస్త్రవేత్తలు ఉదహరించే మహాశాస్త్రవేత్త మా కాలేజీలోనే అని కింద ఎర్రటి అక్షరాలు, పక్కన చేతులు జోడించిన చైర్మన్ బొమ్మ. సార్ వాళ్ళది భూములున్న పాత కుటుంబం. వాళ్ళ అన్నగారు ఎప్పటి నుంచో స్థానిక రాజకీయాల్లో ఉన్నారు. అందుకని చూసినవాళ్ళంతా ఇది ఎన్నికల ఫ్లెక్సీయే అనుకున్నారు. చిలుకూరు గుడికి జనాన్ని ఎక్కించుకుంటున్న ఆటో డ్రైవర్ ఒకతను సార్‌ను చూసి ఆటో ఆపి మరీ అడిగాడు.

"సార్, మీది ఏ పార్టీ?"

"గ్లిజరిన్ పార్టీ" అన్నారు సార్, ముఖంలో నవ్వు లేకుండా.

"కొత్త పార్టీయా? గుర్తేంది సార్?"

"మూత."

ఆటోలో కూర్చున్న ఆడవాళ్ళు కూడా నవ్వారు. వాళ్ళ అన్నగారు మాత్రం "తమ్మీ, నా సీటుకే ఎసరు పెడ్తున్నవా?" అని ఇంటికే వచ్చి నిలదీశారట. మేం ఈ సంగతులు చెప్పుకుని ఎన్ని రోజులు నవ్వుకున్నామో. కానీ సార్ ఆ తర్వాత చౌరస్తాలో బస్సు దిగడం మానేశారు. ముందు స్టాపులో దిగి, ప్లాట్లకు రాళ్ళు పాతిన చేల గట్ల మీదుగా ఎండలో నడిచి వచ్చేవారు. ఆ ఫ్లెక్సీ మీద తన ముఖం తాను చూసుకోలేకపోయారని ఇప్పుడు తెలుస్తోంది.

నా పరిశోధనలో మొదటి మెట్టు తేలికైనదే. గ్లిజరిన్‌లో ఇంకో ద్రవం కలిపితే రంగు అణువు ఎలా తిరుగుతుందో చూడాలి. దానికి ముందు ఉత్త గ్లిజరిన్‌లో కొలిచి, సార్ పాత సంఖ్య వస్తోందో లేదో సరిచూసుకోవాలి. అది వస్తే పరికరం బాగున్నట్టు. నడి ఎండాకాలం అది. గాలిలో తడి అన్నది లేదు. కొలిచాను. సంఖ్య కలవలేదు. నా గ్లిజరిన్‌లో అణువు సార్ చెప్పిన దానికంటే చాలా నెమ్మదిగా తిరుగుతోంది. పరికరం విప్పి తుడిచాను, రంగు మార్చాను, సీసా మార్చాను. మళ్ళీ మళ్ళీ కొలిచినా నా సంఖ్య నాదే. లోకమంతా ఒప్పుకున్న సంఖ్య ఒకవైపు, ముడిమ్యాల నుంచి బస్సెక్కి వచ్చిన నేను ఒకవైపు. తప్పు ఎవరిదని ఎవరినైనా అడగాలా? నాదే. నాకు ఈ పని రాదు. అన్నం సయించలేదు. అన్న తెచ్చిపెట్టిన జావా కోర్సు కరపత్రం తీసి, మడత విప్పి చదివాను కూడా.

మర్నాడు పొద్దున్నే సార్‌కు చెప్పేశాను. ఆయన స్టూలు లాక్కుని కూర్చున్నారు.

"మూత?"

"పెట్టిన సార్. ప్రతిసారి పెట్టిన."

తిడతారని ఎదురుచూశాను. ఆయన కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నారు. "మంచిగ కొలిచినవ్" అన్నారు. ఆ తర్వాత కిటికీ వైపు తిరిగి, "వానలు పడనీ" అన్నారు. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. వానలకూ నా సంఖ్యకూ ఏం సంబంధం? అడిగితే చెప్పరు. ఆ ఎండాకాలమంతా నేను ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని తిరిగాను. సార్ కూడా అంతే. ఆకాశంలో మబ్బు కనిపిస్తే మా బాపు ముఖం విచ్చుకునేది, సార్ ముఖం ముడుచుకునేది.

ముసురు పట్టిన ఒక రోజు సార్ తన సంచిలోంచి ఒక గుడ్డ ముక్క తీశారు. తెల్లటి పల్చటి వాయిలు, మాసిన నీలి పూలు. వాళ్ళ ఆవిడ శాంతమ్మగారి పాత చీర ముక్క అన్నారు. వెడల్పాటి గాజు పళ్ళెంలో గ్లిజరిన్ పోయమన్నారు. పోశాను. అలవాటుగా నా చెయ్యి మూత కోసం వెళ్ళింది. ఆయన ఆపి, పళ్ళెం మీద ఆ గుడ్డ కప్పారు.

"అప్పట్ల గూడ గిట్లనే ముసురు. కరెంటు పోయింది. వచ్చేదాక ఆగాలె. ల్యాబుల దీపం పెడితే ఉసిళ్ళు కుప్పలు కుప్పలు వచ్చినయి. ఇంట్ల పాలగిన్నె మీద పురుగు పడకుండ గుడ్డ కప్తరు గద, గట్లనే కప్పిన. మా ఆమె సద్దిగిన్నె కట్టిచ్చిన గుడ్డ చేతిలనే ఉండె. పురుగు పడలేదు. కరెంటు వచ్చినంక కొలిచిన."

"గుడ్డ చెమ్మనాపదు గద సార్" అన్నాను.

"ఆపదు. నాకు తెల్వదా? తెలుసు. గానీ ఆ పూట చెయ్యి ఇంట్ల అలవాటుకు పోయింది. మనసుకు యాదికి రాలె."

గ్లిజరిన్ గాలిలో తడిని తాగేస్తుంది. తడి తాగిన గ్లిజరిన్ పలచబడుతుంది. పలచబడితే అణువు త్వరగా తిరుగుతుంది. ఇది నేను మొదటి ఏడాది పిల్లలకు చెప్పే పాఠమే. ఆ పళ్ళెం పక్కన ఇద్దరం కూర్చుని బయట ముసురు వింటూ ఉండిపోయాం. పాత సంఖ్య వస్తే సార్ తప్పు తేలిపోతుంది, రాకూడదని నేను మొక్కని దేవుడు లేడు. అప్పుడు కరెంటు లేనంతసేపూ ఆగి, మధ్యాహ్నం దాటాక కొలిచాను. వచ్చింది. లోకమంతా రాసుకున్న సంఖ్య, తేడా లేకుండా, వచ్చి కూర్చుంది.

నాకు ఏడుపు రాలేదు, మండిపోయింది. "మీకు తెలిసే నాకీ పని ఇచ్చిన్రా సార్? ఎండాకాలమంత నాకేం రాదనుకోని సచ్చిపోయిన నేను."

"తెల్వది, అనుమానం ఉండె. నేను కొలిస్తే నా చెయ్యి నాకిష్టమైన దిక్కు పోతది. నీకు చెప్పి కొలిపిస్తే నీ చెయ్యి నా దిక్కు వస్తది. అందుకే చెప్పలె. మూత పెట్టే మనిషి కావాలె, నా సంగతి తెల్వని మనిషి కావాలె."

"ఎన్నటి సంది అనుమానం?"

"మొదటోడు నా సంఖ్యను వాడుకున్నప్పటి సంది. అది చదువుతాంటే గుడ్డ యాదికొచ్చింది. మల్ల కొలుద్దామంటే అప్పటికే ఆ పరికరం విప్పేసిన్రు. తర్వాత ఇంకొకడు రాసిండు. ఇంకొకడు. కొలవాలంటే భయమయింది."

ఆ మాటకు నా కోపం సగం దిగింది. సగం ఇప్పటికీ ఉంది. తన భయాన్ని నా నెత్తిన పెట్టి ఎండాకాలమంతా చూస్తూ ఊరుకున్నారని తలచుకుంటే ఇప్పుడు కూడా ఒళ్ళు మండుతుంది. కానీ ఉదహరింపు పెరిగినప్పుడల్లా ఆ ముఖం ఎందుకు వాడిపోయేదో కూడా ఆ రోజే తెలిసింది. పేరు పెరిగిన కొద్దీ ఆ మనిషికి నిద్ర తగ్గుతూ వచ్చింది.

తప్పు దిద్దుతూ అదే పత్రికకు పంపడానికి ఇద్దరి పేర్లతో ఒక చిన్న సవరణ రాశాం. సరిగ్గా అప్పుడే కాలేజీకి తనిఖీ కమిటీ రాబోతోంది. కొత్త కంప్యూటర్ సీట్లకు అనుమతి రావాలంటే కమిటీ మెచ్చాలి. కమిటీ ముందు చూపించడానికి చైర్మన్ దగ్గర ఉన్న పెద్ద పేరు సార్ ఒక్కరే. దాచిపెట్టడం తెలియని సార్ వెళ్ళి ఆయనకు ముందే చెప్పారు. చైర్మన్ ఇద్దరినీ గదిలోకి పిలిపించారు.

"సార్, తప్పు చేసిన్నని మీకు మీరే చాటుకుంటరా? ఎవలన్న అడిగిన్రా? ఇన్నేండ్లు ఆగినోళ్ళు ఇంకొన్ని దినాలు ఆగలేరా? కమిటీ వచ్చిపోనీయున్రి. గిండ్ల నా ఇజ్జత్ గూడ ఉన్నది." తర్వాత నా వైపు తిరిగి మెత్తగా అన్నారు, "బిడ్డా, ల్యాబు ఉంటేనే నీ నౌకరి. జర సోంచాయించు."

బయటికి వచ్చాక సార్ వరండాలో ఆగారు. "రెండు పేర్లున్నయి. నువ్వు ఆగమంటే ఆగుత" అన్నారు. ఆ క్షణంలో ఆయన మీద మళ్ళీ పట్టరాని కోపం వచ్చింది. ఆయన పేరు పోవడం, నా ఉద్యోగం పోవడం, రెండూ తెచ్చి నా చేతిలో పెట్టారు. ఇంటికి వెళ్ళే బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఆగితే ఏమవుతుందని ఆలోచించాను. ఏమీ కాదు. చైర్మన్ అన్నది నిజమే, ఎవరూ అడగలేదు. కమిటీ వెళ్ళాక పంపొచ్చు. వెళ్ళాక ఇంకో కారణం దొరుకుతుంది. ఇన్నేళ్ళూ సార్‌కు దొరికినట్టే. చేవెళ్ళలో బస్సు ఆగినప్పుడు మళ్ళీ ఆ జావా పోస్టర్ల గోడ కనిపించింది. ఎండాకాలంలో ఆ కరపత్రం మడత విప్పిన నా చేతులు గుర్తొచ్చాయి. నా సంఖ్య సరైనదై ఉండి కూడా నాకేమీ రాదనుకున్నాను. నాలాగే ఎక్కడో ఇంకొకరు, మూత సరిగ్గానే పెట్టి, సరిగ్గానే కొలిచి, సార్ సంఖ్య ముందు తలవంచుకుని కూర్చుని ఉంటారు కదా? వాళ్ళ పక్కన, మంచిగ కొలిచినవ్ అని చెప్పే యాదగిరి సార్ లేరు. ఇక ఆగడం నా వల్ల కాదని తెలిసిపోయింది.

మర్నాడు మొయినాబాద్ చౌరస్తాలోని నెట్ సెంటర్‌కు వెళ్ళాం. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలకు దరఖాస్తులు పంపే పిల్లలతో అది కిక్కిరిసి ఉంది. సార్ నా కుర్చీ వెనక నిలబడ్డారు. ఎదుటి కిటికీలోంచి ఆయన ఫ్లెక్సీయే కనిపిస్తోంది. ఫైలు సగం వెళ్ళాక లైను తెగింది. మళ్ళీ కలిపాను. సార్ ఊపిరి నా మెడ మీద తగులుతోంది.

"పోయిందా?"

"పోయింది సార్."

"మల్ల చూడు."

చూశాను. పోయింది. ఆయన ఫ్లెక్సీ వైపు ఒకసారి చూసి, చాలా రోజుల తర్వాత, చౌరస్తా మీదుగానే కాలేజీకి నడిచారు.

కమిటీ వచ్చిన రోజు చైర్మన్ సార్‌ను ముందు వరసలో కూర్చోబెట్టారు. ఒక సభ్యుడు గౌరవంగా ఆ పత్రం గురించే అడిగాడు. సార్ లేచి నిలబడి, "అది తప్పండి. మేమే మళ్ళీ కొలిచి సవరణ పంపించాం. ఈ అమ్మాయి కొలిచింది" అన్నారు. చైర్మన్ నేల చూపులు చూశారు. ఆ సభ్యుడు "మంచిదండీ" అని తల ఊపి, కాగితం తిప్పి, "ఇక్కడ కంప్యూటర్లు ఎన్ని ఉన్నాయి?" అని అడిగాడు. అంతే. మేం దేనికోసం అన్ని రోజులు ప్రాణాలు ఉగ్గబట్టుకున్నామో అది వాళ్ళకు అక్కర్లేని సంగతి. అనుమతి వచ్చింది. ఫ్లెక్సీ దిగింది, దాని చోట ఉద్యోగాలు వచ్చిన పిల్లల ఫొటోలతో ఇంకోటి ఎక్కింది. ఏడాది తిరిగేసరికి మా ల్యాబులో కంప్యూటర్లు దిగాయి. చైర్మన్ కోపంతో చేశారని అనను, ఆ రోజుల్లో అన్ని కాలేజీల్లోనూ అదే జరిగింది. సార్ పరికరాన్ని తన జామతోట పక్కన రేకుల షెడ్డులోకి తీసుకుపోయారు. నేను అక్కడే, మూతలు సరిచూసుకుంటూ, థీసిస్ ముగించాను. అన్న ఇచ్చిన గడువు ఎప్పుడో దాటినా, చివరికి అతను అన్నట్టే సాఫ్ట్‌వేర్‌లోకి వెళ్ళాను. వేరేవాళ్ళు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు వెతకడం నా ఉద్యోగం. ఈ పని నేను ఎక్కడ నేర్చుకున్నానో అన్నకు తెలియదు.

సవరణ అచ్చయింది. అర పేజీ. ఇక సార్ ఫికర్ తీరుతుందనుకున్నాను. తీరలేదు. జనం పాత పత్రాన్నే ఉదహరిస్తూ పోయారు. ఒకరిని చూసి ఒకరు రాసుకుంటారు, వెనక్కి వెళ్ళి సవరణ ఎవరు చదువుతారు? ఎవరు ఎవరిని ఉదహరించారన్న లెక్క ఇంటర్నెట్‌లోకి ఎక్కాక అందరికీ కనబడడం మొదలైంది. తప్పు పత్రం కింద అంకె పెరుగుతూనే ఉంది, దిద్దిన పత్రం పలకరించేవాళ్ళు లేక ఒక మూలన పడి ఉంది. సార్ ఊరుకోలేదు. పాత సంఖ్య వాడిన ప్రతి ఒక్కరికీ ఉత్తరం రాయడం మొదలుపెట్టారు. ఆయన చెప్పేవారు, నేను సెలవు రోజున వెళ్ళి టైపు చేసి పంపేదాన్ని. ఎక్కువమంది జవాబివ్వలేదు. నేను గేటు తీయగానే "ఎవడన్న చూసిండా?" అని అడిగేవారు. శాంతమ్మగారు లోపలి నుంచి "పిల్లను జర కూసోనియ్యి, మంచినీళ్ళు తాగనియ్యి. నా చీర ముక్క ఏ గడియల ఇచ్చిన్నో గాని, ఇంటికి సుఖం లేకపాయె" అని కేకలేసేవారు.

ఒకసారి జవాబు వచ్చింది. ఎక్కడో దూరదేశపు చిన్న యూనివర్సిటీ ఆచార్యురాలు. నేను జామచెట్ల కింద కూర్చుని చదివి వినిపించాను. తన విద్యార్థి ఒకడు కొలిచిన సంఖ్య మీ పాత సంఖ్యతో కలవక, తన చేతి మీద నమ్మకం పోగొట్టుకుని, చదువు మానేసి వెళ్ళిపోవడానికి సిద్ధపడ్డాడనీ, మీ ఉత్తరం అతనికి చూపించాననీ, అతను కొలిచింది సరైనదేననీ, ఇప్పుడు మళ్ళీ ల్యాబుకు వస్తున్నాడనీ రాసింది. నేను బస్సులో ఊహించుకున్న మనిషి నిజంగానే ఉన్నాడు. సార్ కళ్ళు తుడుచుకుంటారనుకున్నాను, నవ్వుతారనుకున్నాను. ఆయన చెట్ల వైపు చూస్తూ అడిగారు.

"మిగిలినోళ్ళు?"

ఆ తర్వాత ఆయన ఎక్కువ రోజులు బతకలేదు. ఒక వానకాలంలో, దవాఖానకు తీసుకుపోయే దారిలోనే పోయారు. చివరిసారి చూసినప్పుడు కూడా నా చెయ్యి పట్టుకుని అడిగింది ఆ ప్రశ్నే.

ఈ రోజు సెలవు. పెదవికి గ్లిజరిన్ రాసుకున్నాక కాఫీ కూడా పెట్టుకోకుండా కంప్యూటర్ ముందు కూర్చున్నాను. పాత పత్రం కింద ఒక కొత్త పేరు చేరింది. ఎవరో యువకుడు, మొదటి పత్రం కాబోలు. అయ్యా, మీరు తీసుకున్న సంఖ్య తడి తగిలిన గ్లిజరిన్‌ది, దయచేసి సవరణ చూడండి, మీరు కొలిచింది దీనితో కలవకపోతే మీ చేతిని అనుమానించకండి అని, సార్ చెప్పిన మాటల్లోనే రాసి పంపాను. వెళ్ళిందో లేదోనని మళ్ళీ తెరిచి చూశాను. లేచి వెళ్ళి సీసా మూత కూడా చూశాను. బిగించే ఉంది.

"పోయింది సార్" అన్నాను పైకే. మిగిలినోళ్ళు ఇంకా ఉన్నారు.